చీకటి మూల

"ఉమ్మితోనా తుడుస్తున్నావ్?"

లీల ఉలిక్కిపడి నోట్లోంచి దూదిపుల్ల తీసింది.

చూసేవాళ్లు దగ్గరికి రాకుండా కట్టిన తాడుకి అవతల ఒక నల్లజాతి ఆవిడ నిలబడి ఉంది. యాభై దాటి ఉంటుంది.

"పాత ఆయిల్ పెయింటింగ్ మీద మురికికి ఇంతకు మించిన మందు లేదండీ. మా అత్తగారికి మాత్రం చెప్పలేదు. ఎంగిలి అంటారు."

ఆవిడ నవ్వింది. "చర్చికెళ్లే ముందు మా అమ్మ నా మొహం ఇలాగే తుడిచేది."

నల్లటి జుట్టులో, నుదుటి మీద ఒక్క పాయ తెల్లగా ఉంది.

"ఆ కలర్ బాగుంది. ఎక్కడ చేయించారు?"

"చేయించడమేంటి? మా అమ్మకీ ఇంతే, అమ్మమ్మకీ ఇంతే."

న్యూజెర్సీలోని ఆ చిన్న మ్యూజియంలో, జనం చూస్తుండగానే లీల పాత చిత్రాలను బాగుచేస్తుంది. ఇప్పుడు ఆమె ముందున్నది ఒక వర్తకుడి భార్య. అమెరికాను ఇంకా ఇంగ్లండు రాజు ఏలుతున్న రోజుల్లో గీసిన బొమ్మ. పొగ పొర వదిలేకొద్దీ దొరసాని నీలం పట్టు గౌను నిన్న నేసినట్టు మెరుస్తుంటే లీలకు ఒళ్లు పులకరించేది.

ఆవిడ ప్రతి గురువారం వచ్చేది. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, అందరూ దొరసాని ముత్యాలు చూస్తే ఆవిడ కుర్చీ వెనకున్న చీకటి మూలను చూసేది.

"ఆ మూల ఎప్పుడు తుడుస్తావ్?"

"అక్కడేం లేదండీ."

"తెల్లగా ఏదో మచ్చ కనిపిస్తోందే."

"రంగు ఊడిపోయింది. నల్లరంగుతో టచప్ చేసేస్తాను."

"పూయకమ్మా. ముందు తుడిచి చూడు."

తర్వాతి గురువారం ఆవిడ గొంతు తగ్గించి అడిగింది. "రేపు జార్జియా వెళ్లిపోతున్నాను, మా అమ్మాయి దగ్గరికి. మళ్లీ రావడం కుదరదు. ఇవాళ ఆ మూల తుడవవూ?"

లీల గడియారం చూసుకుంది. "సోమవారం పేపర్‌వాళ్లు వస్తున్నారండీ. ముందు దొరసాని మొహం అవ్వాలి. తర్వాత వెబ్‌సైట్‌లో ఫోటో పెడతారు, చూద్దురుగాని."

ఆవిడ మ్యూజియం మూసేదాకా నిలబడి వెళ్లిపోయింది. పేరేమిటో లీల అడగనే లేదు.

పేపర్‌వాళ్లు వచ్చారు, మెచ్చుకున్నారు, వెళ్లారు.

గురువారం లీల కుంచెను నల్లరంగులో ముంచి ఆ మూలకు తీసుకెళ్లింది. పూయకమ్మా అన్న మాట గుర్తొచ్చింది. ఎందుకైనా మంచిదని కుంచె పక్కన పెట్టి దూదిపుల్ల తడి చేసుకుంది.

మొదట ఒక చెయ్యి బయటపడింది. విసనకర్ర పట్టుకున్న చెయ్యి. తర్వాత భుజం, గడ్డం, పెదవులు.

దొరసాని వెనక నిలబెట్టిన బానిస పిల్ల.

చిత్రకారుడు పట్టుగౌనుకు ఎంత ఓపిక పెట్టాడో ఈ మొహానికీ అంతే పెట్టాడు. ఇన్ని తరాలు చీకట్లో నిలబడ్డా ఆ కళ్లు ఆరిపోలేదు.  దేవుడి ఎదుట నిలబడ్డట్టు లీల చేతులు వాటంతటవే దగ్గరికి వచ్చాయి.

ఇక మిగిలింది ఆ మచ్చే. చిన్నపిల్ల మొహం తుడిచినంత మెత్తగా తుడిచింది.

తుడిచి, గబుక్కున వెనక్కి తిరిగింది. తాడుకి అవతల ఎవరూ లేరు.

రంగు ఊడిందనుకున్న ఆ మచ్చ, తలగుడ్డ కిందనుంచి ఆ పిల్ల నుదుటి మీదికి జారిన ఒక్క తెల్లటి పాయ.