కొరికిన వేర్లు

వేరు మీద పళ్ళగాట్లున్నాయి.

సాగిన్ ఇంకో కట్ట విప్పాడు. అందులోనూ ఒకటి కొరికి ఉంది.

"ఏమిటివి? ఎలుకలు కొట్టాయా?"

"నేనేనయ్యా," అన్నాడు మూట దించిన మనిషి. ఎండకీ మంచుకీ మొహం పగిలి, డెబ్బై ఏళ్ళవాడిలా ఉన్నాడు. "కట్టకొకటి నమిలి చూస్తాం. దీని పక్కనే విషవేరు మొలుస్తుంది. కంటికి రెండూ ఒకటే. తేడా నాలుక్కే తెలుస్తుంది."

"ఇది ప్రయోగశాల. నీ ఎంగిలి తీసుకెళ్ళి మెదడు కణాల మీద పొయ్యమంటావా?"

గేటు కాపలాదారు మేదెర్ పకపకా నవ్వాడు. "తాతా, గుర్రాన్ని కొనేటప్పుడు దాని పళ్ళు చూస్తాం. వేర్లు కొనాలంటే నీ పళ్ళు చూడాలా?"

ఆ మనిషి సాగిన్ వైపు తిరిగాడు.

"ఇంట్లో ఆవిడకెలా ఉంది?"

"నా భార్య సంగతి నీకెందుకు?"

"బజారులో అనుకుంటున్నారు."

"అయితే బజారుకే పో. నీ వేర్లు అక్కడే అమ్ముకో."

సాగిన్ భార్య జిపార్‌ను వసంతంలో పిడుదు కరిచింది. మెదడువాపు వచ్చింది. జ్వరం పోయింది గానీ వాపు పోలేదు. మనుషుల్ని ఒక్కొక్కరినీ మరిచిపోతూ వచ్చింది. ముప్పై ఏళ్ళు కాపురం చేసిన సాగిన్ పేరు కూడా పోయింది.

డాక్టర్లు చేతులెత్తేశారు.

ఈ కొండవేరు సారం పోస్తే, గాజుపళ్ళెంలో ఎలుక మెదడు కణాల వాపు తగ్గేది. సాగిన్‌కు మిగిలిన ఆశ అదొక్కటే. మనుషులకు ఇవ్వడానికి అనుమతి లేదు. అనుమతి వచ్చేదాకా ఆగే ఉద్దేశం అతనికి లేదు.

మర్నాడు ఒక కాంట్రాక్టరు ఐదు బస్తాలు దింపాడు. కడిగి, తొక్క తీసి, ఎండబెట్టిన వేర్లు. ఒక్క గాటు లేదు.

వారం తిరక్కుండా సారం సిద్ధమైంది. చుక్క పడగానే కణాలు అణిగిపోయాయి. ఇంత త్వరగా ఎప్పుడూ అణగలేదు.

సహాయకురాలు బేగిమై సూక్ష్మదర్శిని మీంచి తల ఎత్తలేదు.

"సార్, ఇవి నెమ్మదించాయా, చచ్చాయా?"

"నోటి వెంట మంచి మాట రాదా నీకు?"

"రాజధానికి పంపి పరీక్ష చేయిద్దాం సార్. మూడు వారాలేగా."

"మూడు వారాలా! నిన్న ఆమె మింగడం మరిచిపోయింది."

సీసా జేబులో వేసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

జిపార్ గోడకేసి చూస్తూ కూర్చుంది. సాగిన్ చెంచాలో మందు పోశాడు. ఆమె గడ్డం పట్టుకుని నోరు తెరిపించాడు.

ఫోను మోగింది.

"సార్, అమ్మగారికి ఇచ్చేశారా?" అవతల మేదెర్.

"ఏం?"

"ఇవ్వకండి! ఆ తాత మళ్ళీ వచ్చాడు. కొత్త వేర్లు ఎవరు నమిలారని అడిగాడు. ఎవరూ నమల్లేదన్నా. బస్తాలు విప్పమన్నాడు. నవ్వులాటకి విప్పాను సార్. ఎండిపోయినవి కదా, కొంచెం నమిలితే తెలీదట. రసం దిగేదాకా నమిలాడు. నాలుగో బస్తా దగ్గర పెదాలు తిమ్మిరెక్కాయన్నాడు. ఆమెకి ఈ మందు పట్టొద్దని చెప్పు అన్నాడు. మెట్ల మీదే కూలబడ్డాడు."

"ఇప్పుడెలా ఉన్నాడు?"

"లేడు సార్."

సాగిన్ చెంచా పొయ్యిలోకి విసిరేశాడు.

మర్నాడు పోలీసులు చనిపోయినవాడి గుర్తింపు కాగితం చూపించారు. పేరు తోక్తొసున్. సాగిన్ కన్నా రెండేళ్ళు చిన్న. పెళ్ళి కాలేదు. పిలవడానికి నా అన్నవాళ్ళు లేరు.

"మీకు తెలుసా?"

"తెలీదు," అన్నాడు సాగిన్.

ఇంటికొచ్చి జిపార్ ఎదురుగా కూర్చున్నాడు. ఆమె జవాబిస్తుందని కాదు. ఎవరో ఒకరికి చెప్పుకోవాలి.

"తోక్తొసున్ అని ఒకడు. నీకోసం చచ్చిపోయాడు."

ఆర్నెల్లుగా ఎవరి పేరుకూ పలకని జిపార్ తల తిప్పింది. తలగుడ్డ సర్దుకుంది. నోరు తెరిచింది. ముప్పై ఏళ్ళ కిందట సాగిన్ తన కారు వెనక సీట్లోంచి విన్న గొంతు అది.

"అన్నా, నీకు దణ్ణం పెడతాను," అంది అతని చెయ్యి పట్టుకుని, "నన్నెవరో దారిలో పట్టుకుని ఎత్తుకొచ్చేశారు, శుక్రవారం మా పెళ్ళి, తోక్తొసున్‌కి ఒక్క మాట చెప్పవూ?"