చెవుల్లో దూది

కుంపిణీ తరఫున టీకాలు వేయడానికి ఒక నల్లరేగడి పల్లెకు వెళ్తే, అక్కడ ఆడవాళ్లందరి చెవుల్లోనూ దూది! గాలికి చెవిపోటు అంటుకుందని నేనే తేల్చేసి, దొరకు పంపే కాగితంలో ఆ రోగానికి నా పేరే పెట్టేద్దామా అని కూడా ఆలోచించాను.

"ఎన్నాళ్లుగా ఉండాది అవ్వా నొప్పి?" అని ఓబులమ్మాళ్ అనే ముసలామెను అడిగాను.

"పెండ్లయి ఈ ఊరికొచ్చిన కాణ్ణించి, సామీ. కానీ రోగం చెవిలో లేదు. అదో, ఇండ్ల ముందర ఆ తిన్నెల మీద కాళ్లూపుకుంటా కూర్చోనుండాది."

చూశాను. బిందెతో పోతున్న పిల్ల నడుము గురించి తిన్నె మీది పెద్దమనిషి ఒకడు ఏదో అన్నాడు. పక్కవాళ్లు పగలబడి నవ్వారు. పిల్ల దూదిని ఇంకాస్త లోపలికి నొక్కుకుని నడిచింది.

"మందు ఆ నోళ్లలో పొయ్యాల, సామీ" అంది అవ్వ.

కాగితం చించేశాను. ఇంత మొరటు ఊరు మదురై సీమలో ఇంకోటి లేదని తిట్టుకుంటూ సాయంత్రానికి మా ఊరు చేరాను. మా ఇంటి తిన్నె మీద స్నేహితులు నాకు చోటుంచారు. కాళ్లు కడుక్కుని, ఈ వింత వాళ్లకు చెబుదామని బయటికి పోబోతుంటే, వంటింట్లో మా ఆవిడ దీపం వత్తులకుంచిన దూది తుంచి చెవుల్లో పెట్టుకుంటోంది.

"నీకేంటికే దూది? నిన్నెవడేమన్నాడు?" అని గుడ్లురిమాను.

"నన్నెవరూ ఏమీ అనలేదు" అంది. "మీరు తిన్నె మీదికి పోతా ఉండారు గదా. ఇక్కడి దాకా వినిపిస్తాది."