గది అవతలి పానా

అన్నప్రాశన రోజు పిల్ల ముందు ఏ వస్తువు ఎంత దూరంలో పెట్టాలో ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ జోస్యం మిషనే చెబుతోంది. పిల్ల ఏది పట్టుకుంటే ఆ చదువులోనే వేస్తారు. లిఫ్టులు బాగుచేసే నూకరత్నం కూతురికి నట్లు బిగించే పానా చేతికందేలా, పుస్తకం, కలం అవతలి గోడ దగ్గర పెట్టమంది మిషను. ఆ వీధిలో అంతకుముందు పిల్లలందరికీ అంతే. అందరూ పానాలే పట్టుకున్నారు. మిషను జోస్యం తప్పదని పెద్దలు తెగ మెచ్చుకున్నారు.

నూకరత్నానికి ఒళ్ళు మండింది. పాపని చంకనేసుకెళ్ళి పుస్తకం పక్కన కూర్చోబెట్టింది.

"అదేంటి వదినా! వస్తువులు కదపకూడదన్నారుగా?" అంది ఆడపడుచు దాలమ్మ.

"వస్తువుల జోలికి నేను వెళ్ళలేదే. పిల్లని జరిపానంతే."

పాప పుస్తకాన్ని ఓసారి చరిచింది. కలాన్ని నోట్లో పెట్టుకుని ఉమ్మేసింది. తర్వాత గదంతా పాక్కుంటూ వెళ్ళి, పానాని రెండు చేతులా పట్టుకుంది.

దాలమ్మ పకపకా నవ్వింది. "ఇంత చేసినా మిషను చెప్పిందే అయింది కదా!"

"ఎలా అవుతుంది?" నూకరత్నం కూతుర్ని పానాతో సహా ఎత్తుకుంది. "మిషను దీన్ని కాళ్ళ దగ్గర పడేసింది. నా కూతురు అంత దూరం వెళ్ళి తెచ్చుకుంది."