వధూవరులు లేని పెళ్లి

"ముహూర్తం తీసేశాను," అన్నాడు దళవీ సాహెబ్. "ఇక పెళ్లి జరుగుతుందో ఆగుతుందో చూద్దాం."

సావనీ కుర్చీ అంచుకు జరిగింది. ఆ ముహూర్తం ఆమెది మరి.

పుణెలోని ఆ చిన్న ఆఫీసులో తయారయ్యేది కల్యాణ మండపాల సాఫ్ట్‌వేరు. అది ఒకే ముద్ద కాదు, మాడ్యూళ్లనే విడివిడి ముక్కలు. మండపం తేదీలు మందాతాయీ ముక్క. భోజనాలు హేరంబ్‌వి. ముహూర్తాలు సావనీవి. వధూవరుల వివరాలు మాత్రం ముంబై హెడ్డాఫీసువి, దళవీ స్వయంగా రాసినవి. అన్నీ కలిస్తేనే పెళ్లి.

ముంబైలో వేరే పనికి మనిషి కావలసి వచ్చాడు. ఏ ముక్క లేకపోయినా పుణెలో పని సాగుతుందో, ఆ ముక్క రాసిన మనిషిని పట్టుకుపోదామని దళవీ పొద్దున్నే దిగాడు. సావనీ ముక్క అన్నింటిలోకీ చిన్నది. అందుకే కత్తెర మొదట దాని మీద పడింది.

దళవీ పచ్చ గుండీ నొక్కాడు. పరీక్ష కోసం రోజూ చేసే ఉత్తుత్తి పెళ్లి తెర మీద మొదలైంది. మండపం ఖాళీగా ఉంది. పంక్తిలో పూరణ్‌పోళీ, అంటే బొబ్బట్టు, ఉంది. ముహూర్తం పన్నెండూ పదిహేడు.

"చూశావా అమ్మాయ్? నువ్వు లేకపోయినా ముహూర్తం వచ్చేసింది."

సావనీ తెర మీదికి వంగింది. "పాతది ఎక్కడో మిగిలి ఉంటుంది సాహెబ్. అంతా తుడిచి ప్రోగ్రాం మళ్లీ కట్టించండి."

తుడిచాడు. కట్టించాడు. మళ్లీ పన్నెండూ పదిహేడే.

"సామాను సర్దుకో. సోమవారం నుంచి ముంబై."

మందాతాయీ టీ కప్పులతో లోపలికి వచ్చింది. రిటైర్మెంటుకు దగ్గర పడిన మనిషి, ఆఫీసులో అందరికీ తాయీ, అంటే అక్క. ప్రతిదానికీ కంగారే. ఎండాకాలంలో కూడా ఆమె సంచిలో రెండు గొడుగులు, రెండు కళ్లజోళ్లు ఉంటాయి. ఒకటి పోతే ఇంకొకటి ఉండాలంటుంది. పొద్దున దళవీ టిఫినుకు మిసళ్ తింటూ నూనె చేత్తోనే కీబోర్డు మీదికి పోబోతే, "అయ్యో సాహెబ్, ముందు తినండి, అంతా నేను తెరిచి సర్దిపెడతాను" అని తానే కూర్చుంది కూడా.

"ఒక్క పిల్లదేనా?" అంది మందాతాయీ. "హేరంబ్‌ది కూడా తీసి చూడండి."

"తాయీ! నేనేం పాపం చేశాను?" హేరంబ్ చేతిలో బిస్కెట్ టీలో పడిపోయింది.

దళవీ భోజనాలు తీసేసి గుండీ నొక్కాడు. పూరణ్‌పోళీ చెక్కు చెదరలేదు.

"భోజనాలు లేవుగా, ఇది ఎక్కణ్నుంచి వచ్చింది?"

"పుణె వాళ్ల పొదుపు పెళ్లి సాహెబ్. ఎవరి డబ్బా వాళ్లే తెచ్చుకుని ఉంటారు," అన్నాడు హేరంబ్.

"నాది కూడా తీసేయండి," అంది మందాతాయీ.

తేదీలు పోయాయి. మండపం మాత్రం ఎప్పటిలాగే దొరికింది.

దళవీ నుదురు తుడుచుకున్నాడు. "ఒంటిగంట దాటితే మీ పుణెలో దుకాణాల్లాగే కంప్యూటర్లు కూడా కునుకు తీస్తాయా ఏంటి?"

"తీయవు సాహెబ్. ముంబై వాళ్లొస్తే మాత్రం కళ్లు మూసుకుని పడుకున్నట్టు నటిస్తాయి," అంది మందాతాయీ టీ అందిస్తూ. "ఇక మీ ముక్క ఒక్కటే మిగిలింది."

దళవీ పకపకా నవ్వాడు. "అది పునాది తాయీ. వధూవరులే లేకపోతే ఇంకెవరికి చేస్తుంది పెళ్లి?"

"అయితే భయమెందుకు? తీసేయండి."

పౌరుషానికి పోయి తీసేశాడు. గుండీ నొక్కాడు.

శుభమంగళ సావధాన్ అంటూ తెర మీద అక్షతలు రాలాయి. కింద వధువు పేరు, వరుడి పేరు, ఇంటిపేర్లతో సహా.

దళవీ ఇంకోసారి నొక్కాడు. మళ్లీ అక్షతలే.

"పెళ్లికొడుకు లేడు, పెళ్లికూతురు లేదు," అన్నాడు హేరంబ్ మెల్లగా. "పెళ్లి మాత్రం భేషుగ్గా జరిగింది. రేపు గొడవలు కూడా ఉండవు."

"నేను... పైకి ఏమని రాయను?" దళవీ కీబోర్డును పక్కకి నెట్టాడు.

"కళ్లారా చూసింది రాయండి సాహెబ్. ముంబై ఆఫీసే అక్కర్లేదని," అంది మందాతాయీ.

దళవీ టీ మొత్తం ఒక్క గుక్కలో తాగేశాడు. "అన్ని ముక్కలూ అవసరమే, పుణెలో ఎవర్నీ కదపక్కర్లేదు అని రాస్తే?"

"పెద్దమనసు మీది. ఘాట్ రోడ్డులో బళ్లు ఆగిపోకముందే బయల్దేరండి."

తీసినవన్నీ దళవీ తన చేత్తోనే తిరిగి పెట్టి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు. హేరంబ్ తినడానికి బాకర్‌వడీ తెస్తానని చెప్పులేసుకున్నాడు.

సావనీ మాత్రం కుర్చీలోంచి లేవలేదు.

"ఏమే, ఉండిపోయావుగా. ఇంకా ఆ మొహమేంటి?"

"ఉండి ఏం లాభం తాయీ? ఇన్నాళ్లూ నేను రాసిందంతా ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అని తేలిపోయిందిగా."

మందాతాయీ కప్పులు కడిగి కిటికీ దగ్గరికి వెళ్లింది. ఆ గట్టు మీద ఆఫీసు వదిలి వెళ్లిపోయినవాళ్ల కప్పులు వరసగా ఉన్నాయి. ఎవరూ వాటిలో తాగరు. ఆవిడ మాత్రం ప్రతి శనివారం కడిగి మళ్లీ అక్కడే బోర్లిస్తుంది. సావనీ తాగిన కప్పును ఆ వరసలో పెట్టకుండా తెచ్చి ఆ పిల్ల చేతిలోనే పెట్టింది.

"ఆ గట్టు మీద ఇక చోటు లేదు పిల్లా," అని, రెండో కళ్లజోడు పెట్టుకుని దళవీ కూర్చున్న కంప్యూటరును సావనీ వైపు తిప్పింది. "ఫోల్డర్ల పేర్లు చదువు."

సావనీ చదివింది. మళ్లీ చదివింది.

దళవీ పొద్దుటి నుంచీ ముక్కలు తీసింది ఒక కాపీలోంచి, పచ్చ గుండీ నడిపించింది ఏ ముక్కా పోని రెండో కాపీని.