పైలట్ కాళ్లు

ఎన్నిసార్లు కూర్చోబెట్టినా వేలెడంత పైలట్ బొమ్మ మోకాళ్లు అడ్డొచ్చి, బొమ్మ విమానం అద్దం మూత పడటం లేదు. బొమ్మ విమానాలు చేసి అమ్మే సుశీల్ కుమార్‌కు ఒళ్లు మండింది. ఫోన్లో ఆర్డరిచ్చిన చిట్టమూరు సమాధానం గారికే ఫోన్ చేశాడు.

"మోకాళ్ల కాడికి కోసేస్తా సార్. మేమందరం చేసేదే. మూత పడినాక కాళ్లు ఎవురికి కనపడతాయి?"

"కొయ్యొద్దబ్బయా. డెబ్బై ఒకటి యుద్ధంలో నేను నడిపిన విమానం అది. ఆ బొమ్మ నేనే."

ముసలాయన చాదస్తాన్ని తిట్టుకుంటూ సుశీల్ విమానం లోపలి అడుగునే పలచగా గీకాడు. రెక్క విరిగితే మళ్లీ అతికించాడు. మూత పడేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

సాయంత్రం నాయుడుపేట షాపు ముందు ఆటో ఆగింది. ముందు చంకకర్ర దిగింది, తర్వాత ఒక్క కాలు.

సమాధానం గారు విమానాన్ని వెలుతురుకు ఎత్తి లోపలికి తొంగి చూశారు.

"రెండు కాళ్లూ పట్టినాయా అబ్బయా?"