టెస్ట్ డ్రైవ్ చార్జీ

కార్లన్నీ తమంతట తామే నడవడం మొదలై ఇరవై ఏళ్లయింది. స్టీరింగ్ మిగిలింది ఖరీదైన స్పోర్ట్స్ కార్లకే. అందుకే, జనగామ డిపోలో ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన కొమురయ్య మళ్లీ స్టీరింగ్ పట్టాలని ఉన్న ఒక్క ప్లాటూ అమ్మి, పాత ఎర్ర స్పోర్ట్స్ కారు కొన్నాడు. కొనడం ఒక ఎత్తు, దాన్ని మేపడం ఒక ఎత్తు. కంపెనీ షోరూములో తప్ప దాని బానెట్ తెరుచుకోదు మరి!

ఈసారి సర్వీసు బిల్లును ఆయన రెండుసార్లు చదివాడు.

"ఆయిల్ మార్చినందుకే ఇంతనా బిడ్డా? సరే, అది పోనీ. టెస్ట్ డ్రైవ్ చార్జీ పద్దెనిమిది వేలేంది? ఎవరు నడిపిండ్రు?"

సర్వీస్ అడ్వైజర్ నౌషీన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఎవరూ నడపలేదు సార్. ఇక్కడ ఎవరికీ స్టీరింగ్ పట్టడం రాదు. స్టీరింగ్ తీయించేసుకుంటే ఆ చార్జీ ఉండదు."

"తీయిస్తే నా బండిల నేనే టికెట్ కొని కూసున్నట్టయితది."

నౌషీన్‌కు నవ్వు రాలేదు. బిల్లు వెనక్కి తీసుకుంది. నడిపినవాళ్లకే ఆ పద్దెనిమిది వేలు చెందాలని కంపెనీ రూలు. ఇన్నాళ్లూ అడిగినవాళ్లు లేరు. బిల్లులో ఎప్పుడూ ఖాళీగా ఉండే డ్రైవరు గడిలో ఆమె కొమురయ్య పేరు రాసింది.

"పదండి సార్. పక్కన కూర్చుని నేను సంతకం పెట్టాలి."

ఆమె ఎక్కి తలుపు వేసుకుంది. ఇంజను గుర్రుమంది. కొమురయ్య రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టి, కదలకుండా కూర్చున్నాడు.

"ఏమైంది సార్?"

"కండక్టరు రైట్ అనకుంట బండెట్ల కదుల్తది బిడ్డా?"