బాతు నడక

"వంగొద్దురా! గొంతుక్కూచొని నడువు. నడుం నిటారుగా ఉండల్ల."

తెల్లవారగానే మిద్దె మీద గోకుల్ బాతులా నడుస్తున్నాడు. అన్న శశికుమార్ స్టూలు మీద కూర్చుని తప్పులు దిద్దుతున్నాడు. మర్నాడే చెన్నైలో మిలిటరీ మెడికల్. పరీక్ష రాశాడు, పరుగులో నెగ్గాడు, ఇక డాక్టర్ల ముందు ఒళ్ళు నిలబడడమే మిగిలింది.

"ఇప్పుడు మోకాళ్ళు ఆనించి నిలబడు. మడమల నడుమ సందు రాకూడదు."

"ఇవన్నీ నీకెట్ల తెలుసున్నా?"

"ఫోన్లో చూసినాలే. నిలబడు."

గోకుల్‌కు నవ్వొచ్చింది. ఐదేళ్ళ కింద అన్న కూడా పరుగులో నెగ్గాడు. తీరా మెడికల్ నాటికి "అంత దూరం మనకెందుకులే" అని ఎగ్గొట్టి, తిరుత్తణి స్టేషన్ దగ్గర ఆటో పెట్టుకున్నాడు. ఊరంతా పిరికివాడంటే, "ఖాకీ ఏదైనా ఖాకీనే గదా" అని చొక్కా చూపించి నవ్వేశాడు. అప్పట్నుంచీ బద్ధకం పెరిగింది. కొండకు మెట్లెక్కడు, ఆటోలోనే పోతాడు. అన్నానికి నేల మీద కూర్చోడు. "దొరగారికి స్టూలెయ్యండి" అని వదిన రంజిత రోజూ ఎత్తిపొడుస్తుంది.

గోకుల్‌ను మాత్రం కబడ్డీ గ్రౌండు దరిదాపులకు రానివ్వడు. అది మహా అన్యాయమని గోకుల్ బాధ. జాతర కబడ్డీలో ఎవరికీ చిక్కని అన్నను, పదిహేనేళ్ళ వయసులో కాలు పట్టి పడేసింది తనే కదా! బహుమతిగా ఇచ్చిన స్టీలు చెంబు మీద తన పేరూ, ఆట తేదీ చెక్కి ఉంటాయి. ఆ చెంబును అన్నే ఆటోలో నీళ్ళకు పెట్టుకుని, ఎక్కినవాళ్ళందరికీ చూపిస్తాడు. "మా తమ్ముడు గెలిచిందప్పా. నన్ను పట్టినోడు వాడొక్కడే!"

మర్నాడు డాక్టరు గోకుల్‌ను కూర్చోబెట్టాడు, లేపాడు, నడిపించాడు, మోకాలిచిప్పలు నొక్కి చూశాడు.

"ఆటల్లో ఎప్పుడైనా మోకాలికి దెబ్బ తగిలిందా?"

"లేదు సార్. మా అన్న ఆడనిస్తే గదా!"

"అదృష్టవంతుడివి," అని డాక్టరు సంతకం పెట్టాడు.

బయటికి రాగానే గోకుల్ ఫోన్ చేశాడు. "అన్నా! ఫిట్!"

అవతల ఆటో హారన్ వరసగా మోగింది.

"అన్నా?"

"బాతు నడక బాగా నడిచినావారా?" అని అడిగాడు అన్న.

ఇల్లు చేరేసరికి సాయంత్రమైంది. మిలిటరీలో చేరే రోజుకు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసిపెట్టుకోవాలి. అన్న ఇంకా రాలేదు.

"మీ అన్న ఫైల్లో ఉండాయి, చూసుకో గోకులూ," అంది వదిన.

ఫైలు అడుగున నాలుగు మడతల కాగితం ఒకటి ఉంది. మెడికల్ బోర్డు స్టాంపు, అన్న పేరు. కుడి మోకాలు వాపు, లిగమెంటు తెగింది, అన్‌ఫిట్.

అయితే అన్న ఎగ్గొట్టలేదు. పోయాడు. ఇన్నేళ్ళూ పిరికివాడనిపించుకుని ఊరుకున్నాడే తప్ప, కాలు సంగతి ఇంట్లో ఒక్కరికీ చెప్పలేదు. గోకుల్‌కు ఏడుపు ముంచుకొచ్చింది. ఎందుకు దాచాడు?

బయట ఆటో ఆగింది. "తమ్ముడూ, యాడున్నావురా? జాంగిరీ తెచ్చినా!" అంటూ అన్న లోపలికొచ్చి చేతిలోని చెంబు బల్ల మీద పెట్టాడు.

గోకుల్ కాగితం మీది తేదీ చూశాడు.

చెంబు మీద చెక్కిన తేదీకి అది మర్నాడు.